తాండూరు కంది, పది నిమిషాలు

"గింత సేపాయె, కంది ఇంకా రాదేంది బిడ్డా?"

మేనకోడలి వేలు కీబోర్డు మీదే ఆగిపోయింది. టీవీ తెర మీద పదకొండో స్లైడు నిలబడి ఉంది: డైరెక్టర్ల ఫొటోలు, కింద హోదాలు. దానికి ముందు లోగో పోయింది, స్వాగతం పోయింది, ఎజెండా, ఆశయం, లక్ష్యం, విలువలు పోయాయి, సంస్థ నమోదు పత్రం పోయింది, దేశంలో పప్పుధాన్యాల సాగు మీద రెండు గ్రాఫులు పోయాయి, రిబ్బను కత్తిరిస్తున్న పెద్దమనిషి కూడా పోయాడు. తాండూరు గంజ్‌లో తల నెరిసేదాకా అడ్తి దుకాణం నడిపిన మేనమామ చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"వస్తది మామా. పద్నాలుగో స్లైడుల వస్తది."

"పద్నాలుగా? గప్పటిదాకా ఎవడుంటడు?"

శనివారం పొద్దున వెబినార్. హైదరాబాద్, బెంగళూరు సూపర్‌మార్కెట్లలో సరుకు కొనే మేనేజర్లు, అమెరికాలో కిరాణా నడిపే ఇద్దరు ముగ్గురు తెలుగువాళ్లు లింకు తీసుకున్నారు. ఒక రైతు ఉత్పత్తిదారుల సంస్థలో పనిచేసే ఈ అమ్మాయి వారం రోజులు కూర్చుని నలభై స్లైడ్లు తయారు చేసింది. రంగులు బాగున్నాయి. అక్షరాలు ఎగురుకుంటూ వచ్చి వాలుతున్నాయి. లోపలి సమాచారంలో తప్పు లేదు. అయినా పదకొండు స్లైడ్లయ్యేసరికి సొంత మేనమామ కన్ను గడియారం మీదికి పోయింది.

ఈ మామా మేనకోడళ్లు, వాళ్ల ఇల్లు, మాటలు నాటకీయత కోసం కల్పించుకున్నవి. వాళ్లు అమ్మబోయే సరుకు, దాని ముద్ర, ఊళ్లు, ఏళ్లు, అంకెలు, ఢిల్లీలోనూ అమెరికా అంతరిక్ష సంస్థలోనూ జరిగిన సంగతులు మాత్రం యథార్థం.

వికారాబాద్ జంక్షన్ దగ్గర రైలు దారి చీలుతుంది. ఒకటి బీదర్ మీదుగా పర్లీకి, ఇంకొకటి తాండూరు మీదుగా వాడికి. పక్కనే ఉన్న అనంతగిరి కొండల్లో మూసీ పుట్టి తూర్పుకు పోతుంది. తాండూరును ఒరుసుకుని పారే కాగ్నా మాత్రం పడమటికి నడిచి భీమలో కలుస్తుంది. కొండలు దాటి తాండూరు చేరే కొద్దీ పట్టాల పక్కన రెండే కనిపిస్తాయి: ఒకదాని మీద ఒకటి పేర్చిన నాపరాతి బండలు, నల్లరేగడి. కింద సున్నపురాయి, పైన నల్లమట్టి. తెలుగు ఇళ్లలో ఎన్నో గచ్చులకు బండ పంపింది ఈ ఊరే. ఆ బండకు పైనున్న మట్టిలో, వానను నమ్ముకుని, తొలకరికి విత్తి ఆరు నెలలకు కోసే పంట కంది. డిసెంబరు, జనవరి నెలల్లో గంజ్‌కు పోతే కాలు పెట్టడానికి సందు ఉండదు.

ఆ కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చింది. జీఐ ట్యాగ్ అని అందరూ అనేది దాన్నే. దరఖాస్తు పెట్టింది యాలాల రైతు ఉత్పత్తిదారుల సంస్థ. శాస్త్రీయమైన అండ ప్రొఫెసర్ జయశంకర్ తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయానిది. అదే విడతలో అస్సాం గమోసా, లద్దాఖ్ రక్త్సే కార్పో ఆప్రికాట్, మహారాష్ట్ర అలీబాగ్ తెల్ల ఉల్లి కూడా ముద్ర వేయించుకున్నాయి. తెలంగాణ నుంచి అప్పటికి ఇది పదహారోది. పోచంపల్లి ఇక్కత్, హైదరాబాద్ హలీం ముందే ఆ వరసలో ఉన్నాయి.

మన అమ్మాయి స్లైడ్లలో ఇదంతా ఉంది. ముప్పై రెండో దాంట్లో.

జీఐ దరఖాస్తు ఎలా ఉంటుందో చూసినవాళ్లకు ఒక తమాషా తెలుస్తుంది. 1999లో చేసిన చట్టం, ఆ వెంట వచ్చిన నియమాలు దరఖాస్తుదారును వరుసగా కొన్ని ప్రశ్నలు అడుగుతాయి. సరుకేమిటి? ఏ నేలది, మ్యాపు ఎక్కడ? ఆ గుణం ఆ నేల వల్లే వచ్చిందనడానికి ఆధారమేమిటి? పండించే పద్ధతి, పండించేవాళ్ల నైపుణ్యం ఏమిటి? ఎప్పటి నుంచి ఉంది? నాణ్యత మీద కాపలా ఎవరిది? ఆశయం, లక్ష్యం, విలువలు అన్న గడులు ఆ కాగితంలో లేవు. చెన్నైలో ఉన్న రిజిస్ట్రీ ఆ దరఖాస్తును రిజిస్ట్రార్ అధ్యక్షతన, ఏడుగురికి మించని నిపుణుల బృందం ముందు పెడుతుంది. వాళ్లు ఒప్పుకుంటే జర్నల్‌లో ప్రచురిస్తారు. అభ్యంతరం ఉన్నవాళ్లకు మూడు నెలల గడువు ఇస్తారు. అడిగితే ఇంకో నెల. అదీ దాటితే నమోదు.

తెలియనివాడికి, నమ్మకం లేనివాడికి, కాదనడానికే కూర్చున్నవాడికి ఒక సరుకు గురించి ఏ వరసలో చెప్పాలో ఆ ఫారమే చెప్పేస్తోంది. వెబినార్‌కు వచ్చే కొనుగోలు మేనేజరు కూడా ఆ ముగ్గురి కలగలుపే. తాండూరు కంది ఒకసారి ఆ పరీక్ష నెగ్గి వచ్చింది. నెగ్గిన వరుసను పక్కన పెట్టి, ఎక్కడో దొరికిన రెడీమేడ్ టెంప్లేటులో ఆ సరుకును కూర్చోబెట్టడమే ఈ అమ్మాయి కష్టానికంతటికీ మూలం.

మామకు ఈ చట్టం సంగతి తెలియదు. కానీ ఆయన అడిగిన రెండో ప్రశ్న నిపుణుల బృందం అడగదగ్గదే.

"సరే బిడ్డా. గుల్బర్గోడు గూడ ముద్ర ఏస్కున్నడు గదా. మనది ఏరెట్లయితది?"

సరిహద్దు దాటితే సేడం, ఆ తర్వాత కలబురగి, అంటే పాత గుల్బర్గా. తొగరి, అంటే కంది, అనగానే కన్నడనాట మొదట గుర్తొచ్చే ఊరు అది. గుల్బర్గా తొగరి పప్పుకు 2019లోనే జీఐ వచ్చింది. రెండూ పొరుగు నేలలే, రెండూ కందులే. మేనకోడలు ఇరవై రెండో స్లైడు తీసి చూపించింది: 22 నుంచి 24 శాతం మాంసకృత్తులు, ధాన్యాల్లో ఉండేదానికి దాదాపు మూడింతలు. ఈ అంకె కేంద్ర ప్రభుత్వ ప్రకటనలోనూ ఉంది, అబద్ధం కాదు. అమ్మకానికి మాత్రం ఇది పనికిరాదని నా అభిప్రాయం. బియ్యం, జొన్నలతో పోలిస్తే ఏ కందిపప్పు అయినా మాంసకృత్తుల్లో ముందే ఉంటుంది. కలబురగి వ్యాపారి అదే మాట అంటాడు, అకోలా వ్యాపారీ అంటాడు. అందరికీ చెల్లే మాటను పెద్ద అక్షరాల్లో పెట్టి, తనకొక్కడికే చెల్లే మాటను చిన్న అక్షరాల్లో దాచడం మన వ్యాపార ప్రజెంటేషన్లకు పట్టిన జాడ్యం.

తాండూరుకొక్కదానికే చెల్లే మాట అదే స్లైడు అడుగున ఉంది. ఇక్కడి లోతైన నల్లరేగడిలో అట్టపల్గైట్ అనే బంకమట్టి ఖనిజం ఉంది, అడుగున విస్తారంగా సున్నపురాయి ఉంది. రుచి బాగుండటానికి, బాగా ఉడకటానికి, ఎక్కువ కాలం నిల్వ ఉండటానికి ప్రధానంగా ఈ నేలే కారణమని గుర్తింపు ఇచ్చినవాళ్లు ఒప్పుకున్నారు. సూపర్‌మార్కెట్ వాడికి కావలసింది ఆ చివరి రెండూ. పప్పు ఉడకలేదని గిరాకీ తిట్టకూడదు. గోదాములో పురుగు పట్టకూడదు.

"గదే ఫస్టు పెట్టు," అన్నాడు మామ. "మట్టి సూపెట్టు. ఎనక కతలు తర్వాత."

ఆ మాటకు అమ్మాయికి కోపం వచ్చింది. అంత సులువా? తనకు శిక్షణ ఇచ్చినవాళ్లు ముందు సంస్థను పరిచయం చేయాలన్నారు. చైర్మన్ సాబ్ తన ఫొటో లేకపోతే మొహం మాడ్చుకుంటాడు. అయినా, మామకు వెబినార్ అంటే ఏం తెలుసని?

"గంజ్ల హర్రాజు పాడినవ్ గానీ మామా, ప్రజెంటేషన్ ఇయ్యలేదు గదా నువ్వు."

"నేనియ్యలే. చంద్రబాబు ఇచ్చిండు గదా, బిల్ గేట్సుకు. పేపర్ల మస్తు సదివినం."

ఈ కథ తెలుగు నేల మీద స్లైడ్లకు సంబంధించిన ఆది పురాణం లాంటిది కనుక కొంచెం నిలబడి చూద్దాం. 1997 మార్చి. మైక్రోసాఫ్ట్ అధిపతి బిల్ గేట్స్ ఢిల్లీ వచ్చాడు. అప్పటికి ముఖ్యమంత్రిగా రెండేళ్లు కూడా నిండని చంద్రబాబు నాయుడు ఆయన్ను కలవాలనుకున్నారు. చంద్రబాబు తర్వాత అనేక వేదికల మీద చెప్పిన ప్రకారం, రాజకీయ నాయకులతో భేటీలు గేట్స్‌కు ఇష్టం లేవని మొదట జవాబు వచ్చింది. అమెరికా రాయబారి ఫ్రాంక్ విస్నర్ ద్వారా ప్రయత్నిస్తే పది నిమిషాలు దొరికాయి. మామూలు ముఖ్యమంత్రి అయితే శాలువా, జ్ఞాపిక, వినతిపత్రం తీసుకుపోయేవాడు. ఈయన ల్యాప్‌టాప్ తీసుకుపోయారు. మన దేశంలో ముఖ్యమంత్రి చేతిలో ల్యాప్‌టాప్ కనిపించడమే వార్త అయిన రోజులవి.

గదిలో సన్నివేశం ఊహించుకోండి. కాలిఫోర్నియాలో ఫోర్‌థాట్ అనే చిన్న కంపెనీలో రాబర్ట్ గాస్కిన్స్, డెనిస్ ఆస్టిన్ తయారు చేసిన పవర్‌పాయింట్ 1987లో బజారులోకి వచ్చింది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని 1.4 కోట్ల డాలర్లకు కొనేసింది. పదేళ్ల తర్వాత, దాన్ని కొన్న ఆసామి ముందే దాన్ని తెరిచి కూర్చున్నారు ఒక తెలుగు ముఖ్యమంత్రి. గడియారం నడుస్తోంది. పది నిమిషాలు అయ్యాయి. ఎదుటి మనిషి లేవలేదు. చంద్రబాబు చెప్పే లెక్కలో ఆ భేటీ నలభై నిమిషాలు దాటింది. 1998లో మైక్రోసాఫ్ట్ ఇండియా డెవలప్‌మెంట్ సెంటర్ హైదరాబాద్‌లో మొదలైంది. అదే ఏడాది నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించారు.

గెలిచినవాళ్లు చెప్పే కథలకు నునుపు ఎక్కువ ఉంటుంది. స్లైడ్లు చూసి మైక్రోసాఫ్ట్ వచ్చేసిందనుకుంటే అమాయకత్వమే. ఆ కంపెనీలో అప్పటికే పనిచేస్తున్న తెలుగు ఇంజనీర్లు, ఇక్కడి కాలేజీలు, భూమి, ప్రభుత్వం చూపిన వేగం అన్నీ కలిస్తేనే వచ్చింది. అయినా ఒక సంగతి కొట్టిపారేయలేం. పది నిమిషాలే ఉన్నాయని ముందే తెలిసిన మనిషి, మొదటి మూడు నిమిషాలు ఆశయాలకు ఇవ్వడు. ఏం కావాలో ముందే చెప్తాడు: మా ఊళ్లో మీ కేంద్రం పెట్టండి. మిగతా ముప్పై నిమిషాలు ఎదుటివాడు తనంతట తాను ఇచ్చినవి. వెబినార్‌లో కూడా అంతే. ఆహ్వానంలో గంట అని రాసుకున్నా మనది అనుకోదగ్గది ఆ మొదటి పది నిమిషాలే.

"మరి కేసీఆర్?" అంది మేనకోడలు, ఓడిపోవడం ఇష్టం లేక. "అసెంబ్లీల గంటలు గంటలు జెప్పిండు. మ్యాపులు, గూగుల్ ఎర్త్. నువ్వే టీవీ ముంగట కెల్లి లెవ్వలేదు."

నిజమే. 2016 మార్చి 31న తెలంగాణ శాసనసభలో తెరలు కట్టించి ముఖ్యమంత్రి కేసీఆర్ సాగునీటి ప్రాజెక్టుల మీద పవర్‌పాయింట్ ప్రజెంటేషన్ ఇచ్చారు. సభలో ఇదేం పద్ధతని కాంగ్రెస్ బహిష్కరించింది. ఈ ప్రాంతం వాళ్లు ఆ రోజు కళ్లప్పగించి చూశారంటే కారణం ఉంది. ప్రాణహిత నీళ్లు చేవెళ్ల దాకా వస్తాయని 2008లో శంకుస్థాపన జరిగింది. ఆ పథకం రూపు మారి, తాండూరు కూడా ఉన్న ఉమ్మడి రంగారెడ్డి జిల్లాను పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల వైపు తిప్పారు. తెర మీద కదులుతున్న ఆ నీలిగీతలో తన చేనుందో లేదో చూసుకోవడానికి కూర్చున్న రైతుకు మూడు గంటలైనా ఎక్కువ కాదు. అంత అవసరం ఉన్న ప్రేక్షకుడు ఏ వెబినార్‌కూ దొరకడు.

మామ ఆలోచించి ఒక్కటే అన్నాడు. "అసెంబ్లీల కెల్లి లేసిపోతే పేపర్ల పడ్తది. నీ దాంట్లకెల్లి పోతే ఎవ్వనికి ఎరుక?"

స్లైడు వరస తప్పితే సరుకు అమ్ముడుపోకపోవడం చిన్న నష్టం. ప్రాణాలు పోయిన సందర్భమూ ఉంది. 2003 జనవరి 16న కల్పనా చావ్లా సహా ఏడుగురితో కొలంబియా వ్యోమనౌక లేచింది. 82 సెకన్లకు ఇంధన ట్యాంకు మీది నురుగు ముక్క ఊడి ఎడమ రెక్కకు తగిలింది. ప్రమాదం ఎంతని లెక్కవేయడానికి ఇంజనీర్లు కూర్చున్నారు. నౌక ఇంకా కక్ష్యలో తిరుగుతోంది. వాళ్ల నివేదిక నాసా పెద్దల ముందుకు స్లైడ్లుగానే వెళ్లింది. అందులో ఒక స్లైడు తర్వాత ప్రపంచమంతా చదివింది.

దాని శీర్షిక, పాత పరీక్షల ఫలితాలు చూస్తే మన అంచనాలు భద్రమైన వైపే ఉన్నాయన్న భావం ఇస్తుంది. పెద్ద అక్షరాలు, స్థిమితమైన మాట. దాని కింద చుక్క, ఆ చుక్క కింద గీత, ఆ గీత కింద ఇంకో చుక్క, ఇలా మెట్లు మెట్లుగా చిన్నబోతూ పోయే అక్షరాలు. అసలు మాట అట్టడుగు వరసలో ఉంది: పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపుటంగుళాలు, ఇప్పుడు లెక్కలోకి తీసుకున్నది 1,920. అంటే 640 రెట్లు. పాత పరీక్షలు ఈ ప్రమాదానికి ఏమాత్రం కొలబద్ద కావని చెప్పే వాక్యమది. శీర్షికలో ఉండాల్సింది పాదం దగ్గర పడి ఉంది. పైవరసలు చదివిన పెద్దలకు భయం కలగలేదు. ఫిబ్రవరి 1న తిరిగి వస్తూ కొలంబియా ముక్కలైంది. ఆగస్టులో వచ్చిన దర్యాప్తు సంఘం నివేదిక, యేల్ ఆచార్యుడు ఎడ్వర్డ్ టఫ్టీ చేసిన ఈ స్లైడు విశ్లేషణను చేర్చుకుని, సాంకేతిక నివేదికలకు బదులు స్లైడ్లతో సరిపెట్టే అలవాటును తప్పుపట్టింది. ప్రమాదానికి స్లైడు ఒక్కటే కారణం కాదు. కానీ అంకెలన్నీ నిజమై, వరస ఒక్కటే తప్పయినా చదివేవాడు ఎంత దూరం దారి తప్పుతాడో అంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

రాత్రి పదకొండుకు మేనకోడలు మళ్లీ ల్యాప్‌టాప్ తెరిచింది. ఈసారి కొత్తగా ఏమీ తయారు చేయలేదు. ఉన్నవాటినే తలకిందులు చేసింది.

మొదటి స్లైడులో అరచేతి నిండా కంది, వెనక బీటలు వారిన నల్లరేగడి. ఒకే వాక్యం: "బాగా ఉడుకుతుంది, ఎక్కువ కాలం నిల్వ ఉంటుంది, కారణం ఈ మట్టి." రెండో దాంట్లో తనకేం కావాలో పెట్టింది: ముందు శాంపిలు తీసుకోండి, మీ వంటింట్లో, మీ గోదాములో పరీక్షించండి, నచ్చితే సంక్రాంతి తర్వాత వచ్చే కొత్త సరుకుకు ఆర్డరు పెట్టండి. ఇంత తొందరగా అడగొచ్చా అని చాలామందికి జంకు. నా అనుభవంలో కొనేవాడికి చిరాకు తెప్పించేది అడగడం కాదు, ఏం అడగబోతున్నారో చివరిదాకా దాచడం.

మూడోది మ్యాపు. తాండూరు, యాలాల, బషీరాబాద్, పెద్దేముల్, కాగ్నా గీత, పక్కన కర్ణాటక సరిహద్దు. కలబురగిని మ్యాపు మీద నుంచి చెరిపేయలేదు. అదీ ఉంది. పోటీదారును దాచిపెడితే ఆ ప్రశ్న చాట్‌లో వస్తుంది, అప్పుడు జవాబు తడబడుతుంది. మనమే చూపిస్తే జవాబు సిద్ధంగా ఉంటుంది. నాలుగోది మట్టి కోత: పైన నల్లరేగడి, కింద సున్నపు బండ. అట్టపల్గైట్ అన్న మాట ఇక్కడొక్కసారే వస్తుంది. తేమను పీల్చి పట్టుకునే మట్టి అని నోటితో చెప్తే చాలు, రసాయన సూత్రం రాయనక్కర్లేదు.

అయిదో స్లైడు దగ్గర ఆగి ఆమె ఒక పని చేసింది. అక్కడ బొమ్మ తీసేసి ప్రశ్న పెట్టింది: "మీరు ఇప్పుడు అమ్ముతున్న కందిపప్పు ఏ ఊరిది?" చాట్‌లో జవాబు రాయమంటుంది. వెబినార్లలో పోల్ పెట్టి చేతులు దులుపుకోవడం మామూలు. ఎంతమందికి పప్పు ఇష్టం అని అడిగితే ఎవరికి లాభం? ఈ ప్రశ్నకు వచ్చే జవాబుతో తర్వాత పది నిమిషాలు దేనికి ఖర్చు పెట్టాలో ఆమెకు తెలిసిపోతుంది. కలబురగి అని ఎక్కువమంది రాస్తే మట్టి స్లైడు మీద నిలబడాలి. "తెలియదు" అని రాస్తే ఊరి పేరు తెలిసిన సరుకు అమ్మడంలో ఉన్న లాభం మీద నిలబడాలి.

తర్వాత ఇంకో పోట్లాట. స్లైడు మీద రాసిన పేరాను పైకి చదువుతూ రిహార్సల్ మొదలుపెట్టింది.

"రాసింది నేను సదువుకుంట. నువ్వు మాట్లాడు," అన్నాడు మామ.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ మనస్తత్వవేత్త రిచర్డ్ మేయర్ ఏళ్ల తరబడి చేసిన ప్రయోగాలు కూడా ఇదే చెప్తాయి. బొమ్మ చూపిస్తూ మాట చెప్తే బుర్రకు ఎక్కుతుంది. చెప్పే మాటనే అక్షరాలా తెర మీద కూడా పెడితే ఎక్కడం తగ్గుతుంది. కన్ను చదువు వైపు, చెవి మాట వైపు, రెండూ ఒకే వాక్యం కోసం పెనుగులాడతాయి. ఆమె పేరాలన్నీ కోసి స్లైడు కింద నోట్సులోకి తోసింది. అవి ఆమెకే కనిపిస్తాయి. తెర మీద మిగిలింది బొమ్మ, ఒక వాక్యం.

మర్నాడు మామను వెంటబెట్టుకుని ఊళ్లోని పప్పు మిల్లులోకి పోయి, ఆయన ఫోన్లో ఆ స్లైడ్లు తెరిపించింది. కొనుగోలు మేనేజర్లు కారులోంచో, గోదాములోంచో చూస్తారు. ఆ అరచేయంత తెర మీద, మిల్లు రొదలో, మామ కళ్లజోడు పెట్టకుండా ఏది చదవగలిగితే అదే ఉంచింది. ధరల పట్టిక మాత్రం చిక్కయింది. సైజులవారీగా, గ్రేడులవారీగా పదిహేను వరుసలు. దాన్ని మూడు వరుసలు చేసి, పూర్తి పట్టిక ముందురోజే మెయిల్లో పంపాలని రాసుకుంది. అనంతగిరి చుట్టుపక్కల సిగ్నల్ ఎప్పుడు పోతుందో చెప్పలేం కనుక మొత్తం స్లైడ్లను పీడీఎఫ్ చేసి ఇంకో మనిషి దగ్గర ఉంచింది. తన లైను తెగితే ఆ మనిషి అందుకోవాలి.

చైర్మన్ సాబ్ సంగతి అట్లే మిగిలింది.

"ఫొటో దీసేస్తే ఊకుంటడా మామా?"

"ఫొటో ఎందుకు? మనిషినే పెట్టు. చేన్ల నిలబెట్టి రెండు నిమిషాలు మాట్లాడమను. ఎన్నేండ్ల సంది ఏస్తున్నడో, ఇత్తనం ఏడికెల్లి తెస్తడో, పురుగుకు ఏం కొడ్తడో గది చెప్పమను."

దీంతో చైర్మన్‌కు గౌరవం దక్కింది, జీఐ ఫారంలో అడిగే "పండించే పద్ధతి, నైపుణ్యం" అన్న గడికి జవాబూ దొరికింది. పండించిన మనిషి చేనులో నిలబడి చెప్తే అది సాక్ష్యం. స్టాంపు సైజు ఫొటోలో ఆయన నవ్వుతూ ఉంటే అది మర్యాద మాత్రమే. మన సంస్థల ప్రజెంటేషన్లలో సగం బరువు ఈ మర్యాదలదే. ఎవరినీ నొప్పించకుండా స్లైడ్లు తగ్గించడమన్నది సాఫ్ట్‌వేర్ నేర్పని విద్య.

తీసేసిన స్లైడ్లను ఆమె పారేయలేదు. ధన్యవాదాల స్లైడు తర్వాత, వేదిక వెనక గదిలో పెట్టినట్టు, అన్నిటినీ పెట్టుకుంది: నమోదు పత్రం, సాగు గ్రాఫులు, డైరెక్టర్ల వివరాలు, ప్రయోగశాల రిపోర్టులు. ఎవరైనా అడిగితే ఒక్క నొక్కుతో బయటికి వస్తాయి. అడిగినప్పుడు చూపించిన గ్రాఫుకు ఉన్న విలువ, అడగకుండా చూపించిన పది గ్రాఫులకు ఉండదు. ప్రశ్నలకు పావుగంట కాదు, సగం సమయం వదిలింది. చివర ధన్యవాదాలు అన్న మాట ఒక్కటే తెర మీద వేలాడకుండా, శాంపిలు కోసం ఫోన్ నంబరు, కొత్త సరుకు వచ్చే నెల, కనీస ఆర్డరు పరిమాణం అక్కడే రాసింది. ప్రశ్నలు నడిచినంతసేపూ అందరి కళ్ల ముందు ఉండేది ఆ చివరి స్లైడే కదా.

పన్నెండు స్లైడ్లు మిగిలాయి. మామ మొదటి దాన్నే చాలాసేపు చూశాడు. అరచేతి మీద, ఒక మూలన, జీఐ గుర్తు ఉంది.

"గిది మనం ఎయ్యొచ్చా? కాయిదం ఉన్నదా?"

నలభై స్లైడ్లలో ఎక్కడా లేని ప్రశ్న అది. కొనుగోలు మేనేజరు వకీలు తప్పకుండా అడిగే ప్రశ్న కూడా అదే. ప్రాంతానికి గుర్తింపు వచ్చినంత మాత్రాన ఆ ప్రాంతంలో కంది పండించే, అమ్మే ప్రతివాళ్లూ ఆ ముద్ర వాడుకోవచ్చని చాలామంది అనుకుంటున్నారు. చట్టం అలా లేదు. ముద్ర వాడుకునే హక్కు కావాలంటే ఉత్పత్తిదారు తన పేరును అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు చేయించుకోవాలి. ఫారం జీఐ-3. దీని రుసుము 500 రూపాయలు ఉండేది, 2020లో 10 రూపాయలకు తగ్గించారు. నమోదు ఎక్కువలో ఎక్కువ పదేళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత పునరుద్ధరించుకోవాలి.

తాండూరు, యాలాల, బషీరాబాద్, పెద్దేముల్, కొడంగల్ వైపు రైతు సంస్థల్లో పనిచేసే పిల్లలకు ఒక మాట. ఈ సీజనుకు వెబినార్ పెట్టాలనుకుంటే పవర్‌పాయింట్ తెరవకముందే మీ రైతుల పేర్లతో ఆ ఫారాలు నింపి చెన్నైకి పంపండి. నమోదైన పత్రం చేతికొచ్చాక దాన్ని మూడో స్లైడులో, మ్యాపు పక్కనే పెట్టండి.